రెండు ఎడమ చేతులు

బొమ్మల కార్ఖానా వెనక వీధి,
మేడమీది గది,
సోమవారం.

చిరంజీవి పిచ్చుకకి,

నీ అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేను క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. నువ్వక్కడ వేళకి తింటున్నావనీ, ఆ పెద్ద యంత్రానికి మరీ దగ్గరగా నిలబడటం లేదనీ అనుకుంటాను. అది అయస్కాంతం అన్నావు. చెవులకున్న దుద్దులు తీసే లోపలికి వెళ్తున్నావు కదా? జడపిన్నులు కూడా తియ్యి. ఆ మాట పోయినసారి రాయడం మరిచిపోయి పది రోజులు కంగారుపడ్డాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు రెండు క్షణాలు మాట్లాడకపోతే ఏమైపోయావో అని నాకు గుండెదడ. ఉత్తరమైతే ఎటూ రెండు రోజులు పడుతుందని ముందే తెలుసు, దడ కూడా నెమ్మదిగా వస్తుంది.

ఇంతకీ ఒక సంగతి అడగాలి. నాకు తెలిసిన ఒకావిడ ఉంది. వయసు నా అంతే. మంచిదే పాపం. ఆవిడ ఒక వస్తువుని చేత్తో ఎత్తి కళ్లెదురుగా పట్టుకుని కూడా అందులో ఉన్న తప్పు చూడలేకపోయింది. ఒకసారి కాదు, నలభై ఎనిమిది సార్లు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే అద్దాలు సరిపోయాయి, చూపు బాగుంది, వెళ్లి రమ్మన్నాడు. లోపం కంట్లో లేకపోతే తలలోనే కదా ఉండాలి? మీ యంత్రంలో పడుకుంటే తలలో ఏ భాగం పనిచేస్తోందో కనిపిస్తుందన్నావు. ఆవిడ తల పాడవుతోందో లేదో అందులో తెలుస్తుందా? ఊరికే అడుగుతున్నాను. కంగారు ఆవిడకి, నాకేం లేదు.

తడి జుట్టుతో బయటికి వెళ్లకు.

నీ అత్తయ్య

*

యంత్రం గది పక్క గది,
శుక్రవారం.

అత్తయ్యకి,

దుద్దులు తీశాను, పిన్నులు తీశాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని యంత్రం గదిలోకి వెళ్లబోతూ, కాగితాలకి నువ్వు గుచ్చిన గుండుసూది కూడా తీశాను. ఉత్తరాలకి గుండుసూది గుచ్చే మనిషివి లోకంలో నువ్వొక్కదానివే మిగిలావు.

ఆ ఒకావిడకి నా నమస్కారాలు. వస్తువుని ఎత్తి కళ్లెదురుగా పట్టుకునే ఉద్యోగం, వయసు నీ అంత, కంగారు నీకంటే ఒక పిసరు ఎక్కువ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం లేదు" అని చివర్లో ఒక ముక్క. ఇలాంటి మనిషి నేను పుట్టినప్పటినుంచీ నాకు ఒక్కరే తెలుసు. అసలేం జరిగిందో ఆవిణ్ణే రాయమను.

మాది జబ్బులు చెప్పే యంత్రం కాదు అత్తయ్యా. ఇక్కడికి వచ్చేవాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. మామూలు మనిషి తల మామూలు వస్తువుని ఎలా చూస్తుందో తెలుసుకోవడమే మా ప్రొఫెసరు గారి పని. ఆవిడ చెప్పినట్టు యంత్రం నడపడం నా పని. అది ఎంత పెద్దదో నీకు చూపిద్దామని ఫొటో ఒకటి పెడుతున్నాను. పక్కన నిలబడింది నేనే.

నీ పిచ్చుక

*

మేడమీది గది,
బుధవారం.

చిరంజీవి పిచ్చుకకి,

ఆ ఒకావిడని నేనే. నవ్వితే నవ్వావు గాని మీ నాన్నకి మాత్రం చెప్పకు. చిన్నప్పటినుంచీ వాడికి నన్ను ఏడిపించడం సరదా.

మా కార్ఖానాలో నా బల్ల చివరిదని నీకు తెలుసు. తలలు, చేతులు, కాళ్లు ఎవరివి వాళ్లు బిగిస్తారు. జుట్లు కుట్టే ఆవిడ జుట్టు కుడుతుంది. అప్పుడు బొమ్మ నా దగ్గరికి వస్తుంది. నడుం పట్టుకుని ఎత్తి కళ్లు చూస్తాను. రెండూ ఒక వరసలో ఉన్నాయా, ఒకే వైపు చూస్తున్నాయా, రంగు కారిందా. బాగుంటే డబ్బాలోకి, లేకపోతే వెనక్కి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మెల్లకన్ను బొమ్మ ఒక్కటీ నా బల్ల దాటలేదని ఓనరే కొత్తగా చేరినవాళ్లకి చెప్పేవాడు.

పోయిన నెల ఎవరో ఎడమ చేతుల బస్తాని తెచ్చి ఎడమ, కుడి గంపలు రెండిట్లోనూ పోశారు. బిగించేవాళ్లు బిగించేశారు. నలభై ఎనిమిది బొమ్మలు రెండేసి ఎడమ చేతులతో నా ముందుకొచ్చాయి. నేను ఒక్కొక్కదాన్నీ ఎత్తి, కళ్లు చూసి, చక్కగా ఉన్నావమ్మా అని డబ్బాలో పడుకోబెట్టాను. దుకాణంలో ఒక చిన్న పిల్ల బొమ్మ చేత చప్పట్లు కొట్టించబోతే కుదరలేదట. సరుకంతా వెనక్కొచ్చింది. ఓనరు వాటిని నా బల్ల మీద వరసగా నిలబెట్టాడు. రెండు బొటనవేళ్లూ ఒకే వైపుకి పెట్టుకుని నలభై ఎనిమిదీ ఒకే బస్సుని ఆపుతున్నట్టున్నాయి. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయమేసింది. ఎందుకంటే పిచ్చుకా, అప్పుడు చూస్తే ఆ తప్పు ఆమడ దూరానికి కనిపిస్తోంది.

ఓనరు చెడ్డవాడు కాదు. "పెద్దమ్మా, నెలాఖరుకి రెండు వందల బొమ్మలు పెడతాను, కొన్ని తప్పులు కలుపుతాను. అన్నీ పట్టుకుంటే బల్ల నీది. లేదంటే డబ్బాలకి రిబ్బన్లు కడుతూ కూర్చుందువుగాని, సుఖమైన పని" అన్నాడు. తిట్టినా బాగుండేది. సుఖమైన పని అన్న మాటే గుచ్చుకుంది.

బల్ల పోతే పోయిందని సర్దిచెప్పుకోగలను. నా భయం అది కాదు. మీ నాయనమ్మ చివరి రోజుల్లో నా ముఖంలోకి సూటిగా చూసి, "ఎవరమ్మా మీరు, కూర్చోండి" అంది. ఆవిడకీ చూపు బాగానే ఉండేది. నాకూ అది ఇలాగే మొదలైందా? ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను.

ఫొటో అందింది. యంత్రం ఎంత పెద్దదో చూడమన్నావు. నాకు యంత్రం కనిపించలేదు, నీ కళ్లు కనిపించాయి. నీ నోరు నవ్వుతోంది గాని కళ్లు నవ్వడం లేదు. ఏమైంది?

నీ అత్తయ్య

*

యంత్రం గది పక్క గది,
ఆదివారం.

అత్తయ్యకి,

ముందుగా ఒక మాట. నాయనమ్మ సంగతి మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. మీ వీధి డాక్టరు దగ్గరికి వెళ్లి, మరుపు గురించి భయంగా ఉంది, పరీక్ష చెయ్యండి అని అడుగు. అడగడంలో తప్పు లేదు. అయితే నువ్వు రాసింది చదివితే నాకు జబ్బు గుర్తురాలేదు, మా ప్రయోగం గుర్తొచ్చింది.

ఇందులో పెట్టిన కాగితం చూడు. ఒక ముఖం, దాని మీదే ఒక ఇల్లు, రెండూ పలచగా ఒకదాని మీద ఒకటి అచ్చువేశాం. యంత్రంలో పడుకున్న మనిషికి ఇదే చూపిస్తాం. తలలో ముఖాలని చూసినప్పుడు ఎక్కువగా పనిచేసే చోటు ఒకటుంది. ఇళ్లు, వీధులు చూసినప్పుడు పనిచేసే చోటు వేరే ఉంది. "ముఖం మీద మనసు పెట్టండి" అని చెప్తే మొదటిది చురుకెక్కుతుంది. "ఇప్పుడు ఇంటి మీద పెట్టండి" అంటే అది నెమ్మదించి రెండోది అందుకుంటుంది. కాగితం అదే. కళ్లు పక్కకి కదలకుండా నడిమధ్య చుక్క మీదే ఉంటాయి. మారిందల్లా మనసు పెట్టిన చోటు. దాన్ని బట్టి తల లోపలి పనే మారిపోతోంది.

నీ బొమ్మల చేతులు నీ కంట్లో పడకపోలేదు అత్తయ్యా. పడ్డాయి. కానీ నీ మనసంతా కళ్ల దగ్గర ఉంది కాబట్టి చేతుల మొర వినేవాళ్లు లేకపోయారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన ఆవిడ మీద సామెత ఉందంటే, ఇది మనుషులకి ఎప్పటినుంచో ఉన్నదేగా.

నా కళ్లకేం లేదు. ఇక్కడి లైట్ల వెలుతురు అలాంటిది.

నీ పిచ్చుక

*

మేడమీది గది,
శనివారం.

చిరంజీవి పిచ్చుకకి,

నువ్వు నా భయం తీర్చడానికి రాశావు. అది తీరలేదు సరికదా, గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. కళ్లెదుట ఉన్నదే మనసు పెట్టకపోతే కనబడదంటే, ఈ ఇరవై ఆరేళ్లలో నేను ఇంకా ఏమేం చూడకుండా వదిలేశానో? మొన్నటినుంచీ అన్నిటి మీదా మనసు పెడుతున్నాను. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి, కింద ఉన్న సైకిలుని గుద్దుకున్నాను. బస్సులో టిక్కెట్లు ఇచ్చేవాడి వేళ్లు లెక్కపెడుతుంటే, "ఏం పెద్దమ్మా, తక్కువున్నాయా?" అన్నాడు. పాలు పొంగకుండా పాలగిన్నెనే చూస్తూ నిలబడ్డాను, పక్క పొయ్యి మీద నీళ్లన్నీ మరిగి గిన్నె మాడింది.

కార్ఖానాలో అంతకంటే అన్యాయం. బొమ్మని ఎత్తగానే చేతులు, కళ్లు, చేతులు, కళ్లు అని గబగబా చూస్తున్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది. మంగళవారం నాడు మెల్లకన్ను బొమ్మ ఒకటి నా బల్ల దాటి వెళ్లిపోయింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. జుట్లు కుట్టే ఆవిడ చూసి, ఎవరికీ చెప్పకుండా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఇదెక్కడికి చూస్తోందో నీకైనా తెలుసా వదినా?" అంది. ఆవిడ నవ్వించడానికే అంది గాని నాకు ఏడుపొచ్చింది.

నువ్వు పంపిన కాగితం మీద ఇల్లు నాకు ఎంతకీ కనబడలేదు. ఆ ముఖం వదిలితేగా. ఆవిడ ఎవరో గాని సరిగ్గా నిద్రపోవడం లేదు. చివరికి ఆవిడ కళ్ల మీద రెండు వేళ్లు పెట్టి మూసి చూస్తే అప్పుడొచ్చింది ఇల్లు, తలుపుతో సహా.

లైట్ల వెలుతురు అని రాశావు. పిచ్చుకా, నేను ఎన్ని లక్షల కళ్లు చూశానో నీకు తెలుసా? చేతుల దగ్గర మోసపోతాను గాని కళ్ల దగ్గర నన్ను మోసం చెయ్యలేవు. నిజం రాయి. రాసేదాకా నేను డాక్టరు దగ్గరికి వెళ్లను.

నీ అత్తయ్య

*

నా గది,
సోమవారం.

అత్తయ్యకి,

బెదిరించావు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఫొటో తీసిన రోజు పొద్దున నా వల్ల ఒక తప్పు జరిగింది. యంత్రంలో పడుకున్నవాళ్ల చేతిలో ఒక రబ్బరు బంతి పెడతాం. భయమేస్తే దాన్ని నొక్కాలి. నొక్కితే నా ముందున్న బల్ల మీద గంట మోగుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. ఆ వారం గంట పాడైంది, దీపం ఒక్కటే పనిచేస్తోంది. లోపల పడుకున్నది ఒక లెక్కల టీచరు. నేను తెరమీద ఆయన తల లోపలి బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా వస్తున్నాయా అని చూస్తున్నాను. ఎర్రదీపం తెర పక్కనే, జానెడు దూరంలో ఉంది. నాలుగు నిమిషాలు వెలిగింది. నేను చూడలేదు.

ప్రొఫెసరు గారు గదిలోకి వచ్చి దీపం చూసి పరుగెత్తారు. బయటికి తీసేసరికి టీచరు గారి చొక్కా చెమటతో తడిసిపోయింది. పాపం, "పరవాలేదమ్మా" అన్నారు. ప్రొఫెసరు గారు మాత్రం, "మనసు ఎక్కడ పెట్టావు?" అన్నారు. మనసు ఎక్కడ పెడతారన్నదే మా ప్రయోగం కదా, నవ్వొచ్చే మాటే, కానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. అప్పటినుంచీ ఈ పని మానేద్దామా అనుకుంటున్నాను. నీకు పాఠం చెప్పినదాన్ని, నా సంగతి రాయడానికి సిగ్గేసింది.

నీ పిచ్చుక

*

మేడమీది గది,
గురువారం.

నా తల్లీ,

ఆ లెక్కల టీచరు గారిని తలుచుకుంటే జాలేసింది. ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. అది అయ్యాక నేను ఏం చేశానో విను. నీ ఉత్తరం రెండోసారి చదివి, కుర్చీలో కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. నీకు ఇరవై ఏడేళ్లు. నీ తల నిక్షేపంలా ఉంది. ఆ తలే జానెడు దూరంలో ఎర్రదీపాన్ని చూడలేదంటే, నాకు మూరెడు దూరంలో ఉన్న చేతులు కనబడకపోవడం ముసలితనం ఎలా అవుతుంది? ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే నా నీళ్లగిన్నె మిగిలేది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏ నెల అని అడిగాడు, గడియారం గీయమన్నాడు, అయిదు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమన్నాడు. అయిదూ చెప్పి, మీ కుడి కన్ను ఎర్రగా ఉంది, నిద్ర చాలడం లేదా అని కూడా అడిగాను. నాకు మరుపు లేదట. భయపడటం కాస్త తగ్గించుకోమన్నాడు. అది అయ్యే పని కాదని చెప్పి వచ్చాను.

పని మానేస్తావా? అంత తేలికా? గంట పాడైతే దీపం దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఆ మనిషి తెర వంక చూడకూడదు, ఇంకే పనీ చెయ్యకూడదు, దీపమే చూడాలి. ఈ మాట మీ ప్రొఫెసరు గారిని మా అత్తయ్య చెప్పిందని చెప్పి అడుగు.

నా సంగతికి వస్తే, నీ కాగితమే దారి చూపించింది. ఆ ముఖం కళ్లు మూస్తేగాని ఇల్లు కనబడలేదని రాశాను కదా. బొమ్మకి కూడా అలాగే చేశాను. జుట్లు కుట్టే ఆవిడ పాత గుడ్డతో ఒక సంచి కుట్టిపెట్టింది, జుట్టు నలిగితే నీ పని పడతానని బెదిరిస్తూనే. సంచిని బొమ్మ తలకి తొడిగేస్తే కళ్లు కనబడవు. కళ్లు నన్ను పిలవవు. అప్పుడు చేతులు కనబడతాయి. వచ్చిన బొమ్మలన్నీ అలా ఒక విడత. తర్వాత సంచి తీసేసి కళ్లు చూస్తూ ఇంకో విడత. రెండింతలు పొద్దు పడుతుంది గాని, మూడు రోజులుగా ఒక్క తప్పూ దాటలేదు. పరీక్ష సోమవారం.

నీ అత్తయ్య

*

యంత్రం గది పక్క గది,
శనివారం.

అత్తయ్యకి,

హడావుడిగా నాలుగు ముక్కలు. నువ్వు చెప్పినట్టే అడిగాను. ప్రొఫెసరు గారు, నీ అత్తయ్య ఎక్కడ చదువుకుంది అన్నారు. మూడో తరగతి అన్నాను. దీపం దగ్గర ప్రొఫెసరు గారే వచ్చి కూర్చున్నారు, గంట బాగయ్యేదాకా. నేను పని మానడం లేదు. లెక్కల టీచరు కూడా మళ్లీ వస్తానన్నారు, బంతి పని చేస్తోందని ముందు నొక్కి చూపిస్తేనే అని షరతు పెట్టారు.

పరీక్ష ఏమైందో వెంటనే రాయి. గుండుసూది గుచ్చకు.

నీ పిచ్చుక

*

మేడమీది గది,
సోమవారం సాయంత్రం.

చిరంజీవి పిచ్చుకకి,

ఓడిపోయాను. కంగారుపడకు, పూర్తిగా చదువు.

పొద్దున ఓనరు రెండు వందల బొమ్మలు పెట్టించి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. మిగతా అందరూ పని మానేసి చుట్టూ చేరారు. నేను సంచి తొడగగానే, "ఇవేమన్నా దాగుడుమూతలు ఆడుతున్నాయా పెద్దమ్మా?" అన్నాడు. మొదటి విడతలో చేతుల తప్పులు నాలుగు తీశాను. రెండో విడతలో కళ్ల తప్పులు నాలుగు తీశాను. ఇంతే బాబూ అన్నాను.

ఓనరు లేచి గుట్టలోంచి ఒక బొమ్మని తీసి పైకెత్తాడు. ఒక కాలికి ఎర్ర బూటు, ఒక కాలికి నీలం బూటు. తొమ్మిది కలిపాడట. నాకు చిత్రంగా ఈసారి భయమెయ్యలేదు.

"బాబూ, బూట్లు చూడమని ఇరవై ఆరేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాను. "నేనూ చెప్పుకోలేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి మూడో విడత తిరుగుతాను."

"రేపు చెవుల్లో తప్పొస్తే?"

"అప్పుడు ఇంకో మనిషినివ్వండి. ఒక్క మనిషి మనసు అన్నిచోట్లా ఉండదు. ఎంత చదువుకున్నవాళ్లకైనా ఇంతే. మా మేనకోడలు యంత్రంలో చూసింది."

ఓనరు, మాట నిలబెట్టుకోవాలి కదా పెద్దమ్మా, అన్నీ పట్టుకుంటేనే అనుకున్నాం అని నసిగాడు. అప్పుడు జుట్లు కుట్టే ఆవిడ, ఇంతసేపూ నా పక్కనే నిలబడి ఉన్నదల్లా, ఆయన ముఖంలోకి వంగి చూసి, "ఓనరు గారూ, మీ మీసం ఏమైంది?" అంది.

అందరం చూశాం. మీసం లేదు. పదిహేనేళ్లుగా ఆ ముఖం మీద చీపురులా ఉన్న మీసం లేదు.

ఓనరు మళ్లీ స్టూలు మీద కూర్చుండిపోయాడు. "పొద్దున్నే తీసేశాను" అన్నాడు. "ఇంట్లో టీ ఇస్తూ మా ఆవిడ చూడలేదు. గేటు దగ్గర చూడలేదు. పొద్దున్నుంచీ మీ మధ్యే ఉన్నాను. ఇంతమందిలో ఒక్కరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను." చాలా నొచ్చుకున్నట్టే అన్నాడు గాని, ఆ మాట పూర్తయ్యేలోపే ఆయనకే నవ్వొచ్చింది. ఇక చూడు, బొమ్మలు కూడా కదిలేటట్టు నవ్వారు అందరూ.

తొమ్మిదో బొమ్మ సంగతి వదిలేశాడు. బల్ల నాదే. రేపటినుంచి జుట్లు కుట్టే ఆవిడ స్టూలు నా బల్లకి అవతలి వైపు వేస్తారు. చేతులు, బూట్లు ఆవిడవి. కళ్లు నావి. జుట్టు పనికి వేరే మనిషిని తీసుకుంటారు. ఆవిడ అప్పుడే పేచీ మొదలెట్టింది, కష్టమంతా నాకిచ్చి చక్కటి ముఖాలు నువ్వు చూస్తావా వదినా అని. వారానికొకసారి మార్చుకుందామన్నాను. మార్చుకుంటే ఆవిడకి కళ్లు చూడటం వస్తుందో రాదో అని ఇప్పుడే దిగులు పట్టుకుంది.

ఓనరు మీసం లేకుండా ఎలా ఉన్నాడని మాత్రం నన్నడక్కు. ఇంత రాశాక కూడా నాకు గుర్తు రావడం లేదు. బల్ల నీదే అని చెప్పేటప్పుడు కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

నీ అత్తయ్య